తమ్ముణ్ణి రాడ్డుతో కొట్టినవాడికి బెయిలు వస్తుందా? సెషన్స్ కోర్టు విచారణకు ముందు బాధిత కుటుంబం చేయవలసిన పనులు

మీరు రాసినదాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానో ముందుగా చెబుతాను. బెంగళూరు మారతహళ్లిలో ఒకే ఫ్లాటులో అద్దెకున్న ఇద్దరు తెలుగు కుర్రవాళ్ల మధ్య అడ్వాన్సు డబ్బు దగ్గర మాటా మాటా పెరిగింది. అవతలి అబ్బాయి ఇనుప రాడ్డుతో మీ తమ్ముడి తలమీద, ఎడమ ముంజేతిమీద కొట్టాడు. పుర్రె ఎముక చిట్లింది, చెయ్యి విరిగింది. పోలీసులు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 109 (హత్యాయత్నం), 118(2) (ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం) సెక్షన్ల కింద కేసు నమోదు చేశారు. నిందితుడు 22 రోజులుగా పరప్పన అగ్రహార జైలులో ఉన్నాడు. మెజిస్ట్రేటు బెయిలు నిరాకరించడంతో సెషన్స్ కోర్టుకు వెళ్లాడు, ఆ పిటిషను వచ్చే వారం విచారణకు వస్తుంది. ఈలోగా అతని మేనమామ కె.ఆర్.పురంలోని మీ ఇంటికి వచ్చి, ఆసుపత్రి ఖర్చు తామే భరిస్తామని, బెయిలుకు అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం పెట్టమని అడిగాడు. బెయిలు వస్తుందా, వస్తే కేసు పోయినట్లేనా, ఆ సంతకం పెట్టాలా అన్నవి మీ ప్రశ్నలు.

నాది మదనపల్లె. 26 ఏళ్లుగా బెంగళూరు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా నిందితుల తరఫున వాదించాను, దెబ్బలు తిన్నవారి తరఫున ప్రాసిక్యూటరుకు సహాయంగానూ నిలబడ్డాను. రెండు వైపులా చూసినందువల్ల నాకు ఒక విషయం బాగా తెలిసింది. బాధిత కుటుంబాలు బెయిలు విచారణకు తమ దుఃఖాన్ని, కోపాన్ని తీసుకువస్తాయి. అవి న్యాయమైనవే. అయితే ఆ రోజు నిర్ణయం తీసుకోవడానికి జడ్జికి కావలసిన సమాచారం వేరే ఉంటుంది, అది చాలాసార్లు ఆ కుటుంబం దగ్గరే ఉండి కూడా కోర్టు బల్లమీదికి చేరదు. మీ విషయంలో అలా జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

బెయిలు విచారణలో మీ తమ్ముణ్ణి అతను కొట్టాడా లేదా అన్నది తేలదు. సాక్షులను పిలవరు, డాక్టరును ప్రశ్నించరు. నేరం జరిగిందని నమ్మడానికి పైకి కనిపించే ఆధారం ఉందా అన్నంతవరకే జడ్జి కాగితాలు చూస్తారు. ఆ తరువాత ఆయన ముందున్న ప్రశ్న, విచారణ ముగిసేదాకా ఈ మనిషిని జైల్లోనే ఉంచవలసిన అవసరం ఉందా అన్నది. పారిపోతాడా, సాక్షుల జోలికి వెళతాడా, ఆధారాలు చెడగొడతాడా, మళ్లీ కొడతాడా అన్నవి ఆ ప్రశ్నలోని భాగాలు. వీటితోపాటు ఆరోపణ ఎంత తీవ్రమైనది, పడగల శిక్ష ఎంత, నిందితుడి పూర్వ చరిత్ర ఏమిటి, అతని పలుకుబడి ఎంత అన్నవాటినీ చూడాలని సుప్రీంకోర్టు 2010లో ప్రశాంత కుమార్ సర్కార్ కేసులో వివరంగా చెప్పింది. ఇప్పటికీ సెషన్స్ కోర్టుల్లో బెయిలు ఉత్తర్వులు దాదాపు ఆ వరుసలోనే నడుస్తాయి. కాబట్టి బెయిలు వస్తే కేసు పోయినట్లు కాదు, రాకపోతే నేరం రుజువైనట్లూ కాదు. బెయిలు మీద బయట తిరిగినవారికి విచారణ తరువాత శిక్షలు పడటమూ చూశాను, ఏడాదిపైన జైల్లో ఉన్నవారు నిర్దోషులుగా బయటికి రావడమూ చూశాను.

మెజిస్ట్రేటు ఎందుకు నిరాకరించారో కూడా తెలుసుకోండి, ఎందుకంటే దాన్ని బట్టి సెషన్స్ కోర్టులోనూ అదే జరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడగల నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నప్పుడు మెజిస్ట్రేటు బెయిలు ఇవ్వడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 480వ సెక్షను అడ్డుపడుతుంది. మహిళలకు, పిల్లలకు, జబ్బుపడినవారికి మాత్రం కొంత మినహాయింపు ఉంది. హత్యాయత్నంలో గాయం కూడా అయితే 109 కింద యావజ్జీవం దాకా పడవచ్చు. ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 118(2) కింద కూడా అంతే. అందువల్ల మెజిస్ట్రేటు చేతులు చాలావరకు కట్టివేసి ఉంటాయి. సెషన్స్ జడ్జికి, హైకోర్టుకు 483వ సెక్షను కింద ఉన్న అధికారం అంతకంటె విశాలమైనది.

ఇక సెక్షన్ల సంగతి, మీ కేసులో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. పన్ను విరిగినా అంతే. న్యాయ సంహిత 116వ సెక్షనులో ఎనిమిది రకాల తీవ్ర గాయాలు చెప్పారు, వాటిలో ఎముక లేదా పన్ను విరగడం, తొలగడం ఒకటి. ఎముక విరగడం వట్టి చేతులతో కొట్టడం వల్ల జరిగితే 117(2) వర్తిస్తుంది. దానికి 7 ఏళ్ల దాకా శిక్ష ఉన్నా అది బెయిలివ్వదగిన నేరం, అంటే పూచీకత్తు ఇస్తే విడుదల చేయవలసిందే. అదే ఎముక ప్రాణం తీయగల ఆయుధంతో విరిగితే 118(2) వర్తించి యావజ్జీవం దాకా వెళుతుంది. గాయం ఒకటే అయినా రాడ్డు వల్ల కేసు స్వరూపమే మారిపోతుంది. అందుకే అవతలి వకీలు మొదటగా రాడ్డు మీదే పడతాడు. తోపులాటలో మీ తమ్ముడు మెట్లమీద పడ్డాడని, లేదా అది రాడ్డు కాదు బట్టలారేసే సన్నని గొట్టమని అంటాడు. ఆ రాడ్డును పోలీసులు స్వాధీనం చేసుకున్నారా, ఆ మహజరు (పంచనామా) ఎవరి సమక్షంలో జరిగింది, పొడవు, బరువు రాశారా, రక్తపు మరకలకోసం ల్యాబుకు పంపారా అన్నవి దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకోండి.

109వ సెక్షను నిలవాలంటే చంపే ఉద్దేశం గానీ, ఆ దెబ్బకు ప్రాణం పోతుందన్న ఎరుక గానీ ఉండాలి. గాయం ఎంత పెద్దదన్నది ఒక్కటే కొలమానం కాదు. దెబ్బ శరీరంలో ఎక్కడ తగిలింది, ఎన్నిసార్లు కొట్టాడు, రాడ్డు అప్పటికప్పుడు చేతికి దొరికిందా లేక వేరే గదిలోకి వెళ్లి తెచ్చాడా, తనంతట తాను ఆగాడా లేక ఎవరో పట్టుకుంటే ఆగాడా అన్నవాటినుంచి ఆ ఉద్దేశాన్ని ఊహిస్తారు. మీ తమ్ముడి వాంగ్మూలంలో ఈ నాలుగూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. నేను చదివిన వాంగ్మూలాల్లో చాలావాటిలో “గొడవపడి రాడ్డుతో కొట్టాడు” అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ప్రాసిక్యూటరు ఎంతసేపని వాదించగలడు? పైగా ఇక్కడ స్టేషన్లలో వాంగ్మూలాన్ని కన్నడంలో రాస్తారు. చెప్పినవాడు తెలుగువాడు, రాసినవాడు కన్నడిగుడు, మధ్యలో కొన్ని వివరాలు జారిపోతాయి. అందులో ఎవరి తప్పూ ఉండకపోవచ్చు. కన్నడం చదవగలిగినవారిని వెంటబెట్టుకుని వెళ్లి, రాసినది చదివించుకోండి. లోపం ఉంటే అదనపు వాంగ్మూలం నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. మీ తమ్ముడు మాట్లాడగల స్థితిలో ఉంటే, నాగరిక సురక్షా సంహిత 183వ సెక్షను కింద మెజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇప్పించమని కూడా దర్యాప్తు అధికారిని అడగవచ్చు. రేపు ఒత్తిడి పెరిగినా అలా ఇచ్చిన మాట నుంచి తప్పించుకోవడం ఎవరికీ సులభం కాదు.

ఆసుపత్రి కాగితాల విషయంలో నాకు బాగా గుర్తున్న కేసు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయిని స్నేహితులు రాత్రిపూట ఆసుపత్రికి తీసుకువెళ్లి, పోలీసు కేసు అవుతుందన్న భయంతో “బండి మీంచి పడ్డాడు” అని చెప్పారు. డాక్టరు అదే రాసుకున్నారు. మర్నాడు తల్లిదండ్రులు వచ్చి అసలు విషయం చెప్పి ఫిర్యాదు ఇచ్చారు. బెయిలు విచారణలో అవతలి వకీలు ఆ మొదటి చీటీ ఒక్కటే చదివాడు. మా దగ్గర దానికి సమాధానం ఉంది, కానీ ఆ స్నేహితుల వాంగ్మూలం అప్పటికి నమోదు కాలేదు. బెయిలు వచ్చింది. మీ తమ్ముణ్ణి మొదట చేర్చినప్పుడు గాయానికి కారణం ఏమని రాశారో ఇవాళే తెలుసుకోండి. తేడా ఉంటే ఆ మాట ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో వాళ్ల నోటితోనే విచారణకు ముందు పోలీసులు నమోదు చేసుకోవాలి. గాయాల ధ్రువపత్రం, సీటీ స్కాన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ ఈ మూడూ పోలీసు ఫైలులో చేరాయో లేదో కూడా చూడండి. ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం రావడం ఆలస్యమైతే, బెయిలు విచారణ నాటికి ఫైలులో “గాయాల స్వభావం ఇంకా తెలియదు” అని మాత్రమే ఉంటుంది. అది నిందితుడికి ఉపయోగపడుతుంది.

అపార్టుమెంటు సీసీటీవీ దృశ్యాలు పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ కొన్ని వారాల్లోనే చెరిగిపోతాయి. 22 రోజులు గడిచాయి. పోలీసులు వాటిని తీసుకున్నారో లేదో రేపటిదాకా ఆగకుండా అడగండి, తీసుకోకపోతే వెంటనే రాసివ్వండి.

ఇప్పుడు కోర్టులో మీ మాట వినిపించడం గురించి. సెషన్స్ కోర్టు బెయిలు పిటిషను వచ్చినప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు నోటీసు ఇస్తుంది. కొన్ని లైంగిక నేరాల్లో, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసుల్లో తప్ప, ఫిర్యాదికి తనంతట తాను కబురు పంపాలన్న నియమం చట్టంలో లేదు. అందుకే చాలా కుటుంబాలకు బెయిలు వచ్చిన సంగతి నిందితుడు వీధిలో కనిపించినప్పుడే తెలుస్తుంది. అయితే మీకు మాట్లాడే హక్కు లేదని దీని అర్థం కాదు. లఖింపూర్ ఖేరీ కేసులో 2022 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, దర్యాప్తు దశ నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట వినిపించే హక్కు ఉందని స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో అలహాబాద్ హైకోర్టులో ఆన్‌లైన్ విచారణ జరుగుతుండగా బాధితుల వకీలుకు లైను తెగిపోయింది, మళ్లీ వినమన్న అభ్యర్థనను పట్టించుకోలేదు. ఆ బెయిలును రద్దుచేసి, విషయాన్ని మళ్లీ మొదటినుంచి వినమని సుప్రీంకోర్టు హైకోర్టుకే పంపింది. కాబట్టి ఒక వకీలును పెట్టుకుని, ప్రాసిక్యూటరుకు సహకరించడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు వేయించండి. వకీలుకు ఇచ్చుకునే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో నిందితుడి పేరుతోనో ఎఫ్‌ఐఆర్ నంబరుతోనో వెతికితే వాయిదా తేదీ కనిపిస్తుంది. దాన్ని రోజూ చూస్తూ ఉండండి.

ప్రాసిక్యూటరు చేతికి మీరు ఇవ్వవలసినది రెండు పేజీల కాగితం. అందులో మీ తమ్ముడు ఎంత మంచివాడో, అవతలివాడు ఎంత దుర్మార్గుడో రాయవద్దు. నిందితుడు ఉద్యోగంలో ఉన్నాడా, బెంగళూరులో అతనికి స్థిరమైన ఇల్లు ఉందా, పాస్‌పోర్టు ఉందా, అతని మీద ఇంతకుముందు కేసులున్నాయా, ఘటనకు ముందు బెదిరిస్తూ పంపిన మెసేజులు ఉన్నాయా అన్నవి రాయండి. కళ్లారా చూసిన మరో రూమ్మేటు ఇప్పటికీ అదే ఫ్లాటులో ఉంటున్నాడని మీరు రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి అదే. నిందితుడు విడుదలైతే ఎక్కడికి వెళతాడు? అద్దె ఒప్పందంలో అతని పేరు ఉంటే తిన్నగా ఆ ఫ్లాటుకే వెళతాడు, ప్రధాన సాక్షి పక్క గదిలోనే ఉంటాడు. ఈ సంగతి ఎఫ్‌ఐఆర్‌లో ఉండదు, మీరు చెబితే తప్ప జడ్జికి తెలిసే దారి లేదు.

ఇలాంటిదే ఒకదానిలో నేను తప్పు చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఒక కుర్రవాడికి కత్తిపోటు కేసులో బెయిలు ఇప్పించాను. నిందితుడు, గాయపడినవాడు ఒకే వీధివాళ్లని నాకు తెలుసు, నేను చెప్పలేదు. చెప్పడం ప్రాసిక్యూటరు పని అనుకున్నాను. ఉత్తర్వులో నివాసం గురించి ఒక్క షరతు కూడా రాలేదు. విడుదలైనవాడు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. రోజూ సాయంత్రం ఆ ఇంటి ఎదుటి బేకరీ దగ్గర నిలబడేవాడు, అంతే. రెండు నెలల్లో గాయపడిన కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది, సాక్ష్యం చెప్పడానికి రాలేదు. నా కక్షిదారు నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ కేసు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు మనసు బాగుండదు. అప్పటినుంచి నిందితుడి తరఫున వేసే బెయిలు పిటిషనులో కూడా, విచారణ ముగిసేదాకా అతను ఉండబోయే వేరే చిరునామాను నేనే రాస్తున్నాను. దానివల్ల బెయిలు వచ్చే అవకాశం పెరుగుతుందే గాని తగ్గదు.

మేనమామ తెచ్చిన కాగితం విషయానికి వస్తాను. సంతకం పెట్టవద్దని నా సలహా, అయితే కారణం మీరు అనుకునేది కాకపోవచ్చు. 109, 118(2) సెక్షన్లు మీరూ వాళ్లూ కలిసి రాజీపడి ముగించుకోగల నేరాలు కావు. అలాంటి కేసును కొట్టివేయగల అధికారం హైకోర్టుకు ఉంది. కానీ హత్యాయత్నం సమాజం మీద జరిగిన నేరమని, గాయం శరీరంలో ఏ భాగంలో తగిలింది, ఏ ఆయుధం వాడారు అన్నవి చూడకుండా రాజీ మాట మీదే కొట్టివేయడానికి వీల్లేదని 2019లో లక్ష్మీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈ దశలో మీ సంతకం కేసును ముగించదు. అది బెయిలు పిటిషనులో ఒక పేజీగా చేరుతుంది, తరువాత విచారణలో “డబ్బు తీసుకుని ఇప్పుడు మాట మార్చారు” అని మిమ్మల్ని ప్రశ్నించడానికి పనికివస్తుంది. మీకు డబ్బు అవసరం ఉందని అర్థమవుతోంది, తలకు దెబ్బ తగిలిన రోగి ఖర్చు ఎలా ఉంటుందో నాకు తెలుసు. దానికి నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షను కింద బాధితుల పరిహార పథకం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు బిల్లులు జతచేసి దరఖాస్తు పెట్టుకోండి. ఆలస్యమవుతుంది, మొత్తం ఖర్చు రాకపోవచ్చు, అయినా ఆ డబ్బు తీసుకున్నందుకు మీరు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు.

ఆ మేనమామ వచ్చిన తేదీ, సమయం, ఎవరెవరు ఉన్నారు, ఏమన్నారు అన్నది ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దర్యాప్తు అధికారికి కూడా రాసివ్వండి. ఒక్క మనవి. ఆయన మర్యాదగా అడిగి ఉంటే మర్యాదగా అడిగాడనే రాయండి. దాన్ని బెదిరింపుగా పెంచి రాస్తే, ఇంటి ముందున్న కెమెరాలో ఆయన పళ్ల సంచితో వచ్చి చేతులు జోడించడం కనిపిస్తే, ఆ తరువాత మీరు చెప్పే నిజాన్ని కూడా జడ్జి అనుమానంతోనే చూస్తారు. ఉన్నది ఉన్నట్లు రాసినా అది పనికివస్తుంది. నిందితుడు జైల్లో ఉండగానే అతని మనుషులు ఫిర్యాది ఇంటికి చేరగలిగారన్నది జడ్జి తూచవలసిన సంగతే. నిజంగా బెదిరింపు జరిగితే మాత్రం అది వేరే నేరం. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడానికి భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షను కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. అప్పుడు విడిగా ఫిర్యాదు ఇవ్వాలి. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద ఆ రూమ్మేటు కోసం దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

నిందితుడి వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే జడ్జి ఏం ఆలోచిస్తారో మీకు పూర్తిగా తెలియదు. అతని వయసు 24 అన్నారు, పాత కేసులు లేవన్నారు. అలాంటివాణ్ణి విచారణ ముగిసేదాకా జైల్లో ఉంచడానికి ఏ జడ్జి అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. 1977 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, బెయిలు నిర్ణయంలో వ్యక్తి స్వేచ్ఛకు ఎంత బరువుందో వివరించి, నిందితుల గత ప్రవర్తనను, వారు బయట ఉంటే ఏర్పడే ప్రమాదాన్ని తూచి బెయిలిచ్చారు. మరుసటి ఏడాది మోతీరామ్ కేసు వచ్చింది. ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల పూచీకత్తు విధించి, అతని అన్నదమ్ముడు పూచీ ఇస్తానన్నా, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మెజిస్ట్రేటు ఒప్పుకోలేదు. అప్పుడు అదే న్యాయమూర్తి, ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో దూరప్రాంతంలో అరెస్టయితే అక్కడ ఆస్తిపరులైన జామీనుదార్లను ఎక్కడినుంచి తెస్తాడని అడిగారు. బెంగళూరుకు బతుకుతెరువు కోసం వచ్చిన మన పిల్లల విషయంలో ఆ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. బెయిలు ఉత్తర్వు వచ్చాక కూడా పహణీ (భూమి రికార్డు) ఉన్న స్థానిక జామీనుదారు దొరక్క నెలల తరబడి పరప్పన అగ్రహార జైలులోనే ఉండిపోయినవారిని నేను చూశాను. స్థానిక జామీను అన్న షరతు విడుదలకు ఆలస్యం కలిగిస్తోంది కాబట్టి దాన్ని విధించకుండా ఉండవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు సూచించింది. కాబట్టి నిందితుడిది ప్రొద్దుటూరు అన్న ఒక్క కారణంతో “పారిపోతాడు” అని మీ వకీలు చేత వాదించవద్దు. మీ తమ్ముడూ ఈ ఊళ్లో పరాయివాడే కదా.

ఇన్ని చెప్పాక నా అంచనా చెప్పమంటారు. తలమీద రాడ్డు దెబ్బ, పుర్రె చిట్లడం, దర్యాప్తు ఇంకా సాగుతుండటం, ప్రత్యక్ష సాక్షి నిందితుడికి అందుబాటులో ఉండటం, ఇవన్నీ కాగితం మీద సరిగ్గా కనిపిస్తే 22 రోజులకే సెషన్స్ కోర్టు బెయిలివ్వడం కష్టం. కానీ చార్జిషీటు దాఖలయ్యాక, మీ తమ్ముడు ప్రాణాపాయం దాటి ఇంటికి వచ్చాక, అతను మళ్లీ పిటిషను వేస్తాడు. పరిస్థితులు మారినప్పుడు మళ్లీ అడిగే హక్కు అతనికి ఉంది. అప్పుడు సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ బెయిలు వచ్చే అవకాశమే ఎక్కువ. దానికి మీరు ఇప్పటినుంచే సిద్ధపడాలి. ఒకటి మాత్రం జరగనివ్వకండి. ఈ సెక్షన్లలో రిమాండు మొదలైన తరువాత 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే, నేరం ఎంత తీవ్రమైనదైనా, బెయిలు అడగడం అతని హక్కు అవుతుంది, కోర్టు కాదనలేదు. ఆ లెక్క మీరే క్యాలెండరులో రాసుకుని, 60వ రోజు నుంచి దర్యాప్తు అధికారిని గుర్తుచేస్తూ ఉండండి. ల్యాబు రిపోర్టు రాలేదని చార్జిషీటు ఆపనవసరం లేదు, తరువాత అదనంగా దాఖలు చేయవచ్చు. మరొకటి, అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా అవి అందాలని, లేకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు చెప్పింది. తెలుగు తప్ప చదవలేని అబ్బాయికి కన్నడ కాగితం ఇచ్చారన్న వాదన మీ కేసులో రావచ్చు, ప్రాసిక్యూటరును ముందే హెచ్చరించండి.

బెయిలు తప్పదని కనిపించిన రోజున “ఇవ్వవద్దు” అన్న ఒక్క మాట మీదే నిలబడకుండా, షరతులు అడగాలి. సాధారణంగా లక్ష రూపాయల బాండు, ఇద్దరు జామీనుదార్లు, వారానికో పక్షానికో స్టేషనులో సంతకం అని రాస్తారు. మీకు అసలు కావలసినవి అవి కావు. నిందితుడు ఆ ఫ్లాటుకు, మీ ఇంటికి ఫలానా దూరంలోకి రాకూడదని, రూమ్మేటుతో ఫోనులో గాని మధ్యవర్తుల ద్వారా గాని మాట్లాడకూడదని, ఉండబోయే చిరునామా కోర్టుకు ఇవ్వాలని, పాస్‌పోర్టు అప్పగించాలని మీ వకీలు రాతపూర్వకంగా కోరాలి. షరతు ఎంత స్పష్టంగా ఉంటే, దాన్ని మీరినట్లు చూపించడం అంత తేలిక.

షరతు మీరితే, సాక్షిని కదిలిస్తే, బెయిలు రద్దు కోరవచ్చు. అది ఒక దారి, దానికి విడుదల తరువాతి ప్రవర్తనకు ఆధారం కావాలి. ఉత్తర్వే సరైన కారణాలు లేకుండా వచ్చిందనుకుంటే పై కోర్టుకు వెళ్లడం రెండో దారి. ఈ రెండింటికీ తేడా ఉందని 2019లో మహిపాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఈ ఊరి ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ప్రముఖ కన్నడ నటుడు నిందితుడుగా ఉన్న హత్య కేసులో కర్ణాటక హైకోర్టు 2024 డిసెంబరు 13న ఇచ్చిన బెయిలును సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 14న కొట్టివేసింది. సాక్ష్యాలను విచారణ ముగిసినట్లుగా తూచడాన్ని తప్పుపట్టింది. అందులో నేరం ఎవరిదన్నది విచారణ కోర్టు తేల్చవలసిన విషయం. మీరు గమనించవలసినది, బెయిలు ఉత్తర్వు కూడా పై కోర్టు పరిశీలనకు లోబడిందే అన్న సంగతి.

విచారణ రోజున మీరు ఒక్కరే వెళ్లండి, మీ అమ్మగారిని, తమ్ముణ్ణి తీసుకురావద్దు. నిందితుడి బంధువులు అదే వరండాలో ఉంటారు, అక్కడ మాటలు పెరిగితే వాళ్లకే మేలు. రెండు పేజీల కాగితం మూడు ప్రతులు, సీటీ స్కాన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఫ్లాటు అద్దె ఒప్పందం నకలు చేతిలో పెట్టుకుని పదింటికల్లా ప్రాసిక్యూటరు ఆఫీసు దగ్గర ఉండండి. ఆయన ముందు ఆ ఉదయం ఇలాంటి ఫైళ్లు ఎన్నో ఉంటాయి. ముందుగా రూమ్మేటు ఎక్కడ ఉంటున్నాడో చెప్పండి, మిగిలినవి తరువాత.